ఎనిమిదో వత్తి

డిసెంబర్ 21, 2024

మోజెల్ గారు మెట్లమీద పడ్డారు. ఎముక విరగలేదు, తుంటి కమిలిపోయింది. డాక్టర్ మంచం దిగొద్దన్నాడట. ఎనభై ఆరేళ్లకి దిగి ఎక్కడికెళ్లాలి అని కూడా అన్నాడట. డాక్టర్ల హాస్యం ఏ దేశంలోనైనా ఇంతే.

ఆవిడది మా ఎదురు వాటా. బర్మాలో, పజుండౌంగ్ పేటలో నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. వాళ్ల తాత బాగ్దాదు నుంచి టేకు వ్యాపారానికి వచ్చిన యూదుడు. చుట్టాలంతా కలకత్తా, సిడ్నీ, ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. మీరెందుకు వెళ్లలేదు అని ఒకసారి అడిగాను. మీరెందుకు మీ పెద్దల విశాఖపట్నం వెళ్లలేదు అన్నారు.

నా భార్య ఆలిస్ పోయినప్పుడు మా చర్చివాళ్లు ప్రార్థన చేసి, టీ తాగి వెళ్లారు. మోజెల్ గారు వారం పాటు రోజూ ఉడికించిన గుడ్లు తెచ్చి, నేను తినేదాకా కూర్చుని వెళ్లేవారు. దుఃఖంలో ఉన్నవాడికి గుండ్రంగా ఉన్నవి పెట్టడం వాళ్ల ఆచారమని తర్వాత ఎక్కడో చదివాను. ఆవిడ పోయాక నేను తిన్న మొదటి తిండి అది.

డిసెంబర్ 24

మా చర్చి కేరల్స్ పార్టీ వచ్చింది. మూడో అంతస్తు దాకా పాడుకుంటూ ఎక్కి తిరిగి దిగిపోయింది. చర్చి పెద్ద, డీకన్ ఎడ్విన్ రాజుకి మోకాళ్ల నొప్పులట. తొమ్మిదేళ్లుగా నాలుగో అంతస్తు దగ్గరే వస్తాయి ఆ నొప్పులు.

సంగతి రాసి పెడతాను. తొమ్మిదేళ్ల కిందటి క్రిస్మస్‌కి వచ్చిన పాస్టర్, పాత నిబంధనకీ కొత్త నిబంధనకీ మధ్య దేవుడు నాలుగు వందల ఏళ్లు మౌనంగా ఉన్నాడనీ, చెప్పుకోదగ్గదేమీ జరగలేదనీ ప్రసంగించాడు. నేను లేచాను. జరిగింది. గ్రీకు రాజు యెరూషలేము ఆలయంలో పరాయి దేవుణ్ణి పెట్టి పందుల్ని బలి ఇచ్చాడు. ఒక ముసలి యాజకుడు, అతని కొడుకులు కొండలెక్కి తిరగబడ్డారు. కొన్నేళ్లకు ఆలయం తిరిగి తీసుకుని, కడిగి, దీపం పెట్టారు. ఆ పండగనాడు యేసు ఆలయంలో తిరుగుతున్నాడని, అది చలికాలమని సువార్తలోనే ఉంది. ఇదంతా చెప్పాలని లేచాను. గ్రీకు రాజు దాకా వచ్చాను. కూకో మావా, జనాలకి ఆకలేస్తంది అన్నాడు ఎడ్విన్ రాజు. చర్చి అంతా నవ్వింది. తర్వాతి ఆదివారం వాక్యం చదవడానికి ఇంకొకర్ని పిలిచారు. ముప్పై ఏళ్లు చదివిన వాణ్ణి. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

డిసెంబర్ 25, రాత్రి ఏడు

ఆలయంలో దీపం పెట్టిన ఆ పండగే హనుక్కా. ఈసారి మోజెల్ గారి హనుక్కా మొదటి రాత్రి, మా క్రిస్మస్ ఒకే రోజు పడ్డాయి. నాకు ఎక్కడా పిలుపు లేదు. ఎదురింటికి వెళ్లాను.

కిటికీ పక్కన గోడకి తాతలనాటి ఇత్తడి దీపం. వరసగా ఎనిమిది గాజు గిన్నెలు, వాటికి పైన విడిగా ఇంకొకటి. గిన్నెలో సగం నీళ్లు, పైన వేరుశనగ నూనె, ఒక వత్తి. మొదటి రాత్రి ఒకటి, రెండో రాత్రి రెండు, అలా ఎనిమిది దాకా. డాక్టర్ మాట లెక్కచెయ్యకుండా లేచి, నా భుజం పట్టుకుని నిలబడి, సన్నగా ఏదో పాడుతూ వెలిగించారు.

కరెంటు లేదు. వెలుతురు వృథా ఎందుకని జేబులోంచి పుస్తకం తీశాను. మూసెయ్యండి మిస్టర్ విలియం అన్నారు. ఆ దీపాల వెలుతురులో చదవకూడదు, కుట్టకూడదు, వండకూడదు. చూడాలి, అంతే. పనికి వాడుకోవాలంటే పైనున్న విడి దీపం ఉంది. దాని పేరే పనివాడట. నా కళ్లకి ఆ పనివాడు చాలడు. ఊరికే కూర్చున్నాను. డెబ్బై తొమ్మిదేళ్లలో ఊరికే కూర్చోవడం నాకెవరూ నేర్పలేదు.

ఈ పండక్కి నూనెలో వేగినవి తినాలట. వీధి చివర నుంచి బయాజో తెప్పించారు. మన పప్పు వడలే, పేరు బర్మాది. ఇంత మంచి క్రిస్మస్ ఈ మధ్య రాలేదు. దేవుడికి థాంక్స్ చెప్పాను. ఎవరి దేవుడికో తేల్చుకోలేదు.

డిసెంబర్ 26

రెండు. భుజం నొప్పి. నాది.

డిసెంబర్ 28

ఆలయం కడిగినప్పుడు మైలపడని నూనె ఒక్క రోజుకి సరిపడా దొరికితే అది ఎనిమిది రోజులు వెలిగిందంటారు. నేను చదివిన పాత చరిత్రల్లో యుద్ధం ఉంది, ఎనిమిది రోజుల పండగ ఉంది. నూనె సంగతి లేదు. అది వందల ఏళ్ల తర్వాత పండితులు చెప్పింది. ఈ ముక్క ఆవిడతో అనకుండా ఉండలేకపోయాను. మూలుగుతూనే నవ్వారు. మీవాళ్లు మిమ్మల్ని ఎందుకు కూర్చోమన్నారో ఇప్పుడర్థమైంది అన్నారు.

ఇంకో సంగతి చెప్పారు. పూర్వం ఇద్దరు గురువుల శిష్యులకి వాదం వచ్చింది. మొదటి రాత్రే ఎనిమిదీ వెలిగించి రోజుకొకటి తగ్గించాలని ఒకరు. ఒకటితో మొదలుపెట్టి పెంచాలని ఇంకొకరు, పవిత్రమైనది పెరగాలే గాని తగ్గకూడదని. పెంచేవాళ్లే గెలిచారు. కాని ఓడినవాళ్ల మాట కొట్టెయ్యలేదు. దాన్నీ రాసి ఉంచారు, ఇప్పటికీ పిల్లలకి నేర్పుతారు. పొద్దుటి నుంచి నాకు ఇదే ధ్యాస. మా చర్చిలో ఓడినవాడికి కుర్చీ కూడా ఉంచరు.

డిసెంబర్ 29

నేను వెళ్లేసరికి మాత్ర వేసుకుని నిద్రపోతున్నారు. పొద్దు గూకింది. పాపం లేపడమెందుకని అయిదూ నేనే వెలిగించాను.

కళ్లు తెరిచి చూశారు. చాలా బాగున్నాయి, థాంక్యూ, ఇప్పుడు ఆర్పండి అన్నారు. వెలిగించడమే అసలు ఆచారం. ఆ విధి ఎవరిదో వాళ్ల చెయ్యే వెలిగించాలి. నాది లెక్కలోకి రాదు. ఆర్పాను. ఆవిడ లేచి మళ్లీ వెలిగిస్తున్నంతసేపూ భుజం ఇచ్చాను, మొహం ఇవ్వలేదు.

అక్కడ వాక్యం చదవడానికి పనికిరాను. ఇక్కడ అగ్గిపుల్ల గియ్యడానికి పనికిరాను. రేపటి నుంచి ఆవిడ దేవుడే వచ్చి భుజం ఇస్తాడు.

డిసెంబర్ 30

వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను. లేటు అన్నారు.

డిసెంబర్ 31

ఏడు. ఏడోది అంటుకోగానే ఆవిడ కాలు మడతపడింది. ఇద్దరం గోడకి జారబడ్డాం. నేను పట్టుకున్నానో, ఆవిడే నన్ను పట్టుకున్నారో తెలీదు.

దీపం దించి మంచం దగ్గర పెడతానన్నాను. వీధికి కనబడని దీపం దేనికి అన్నారు. మేకు కిందికి కొడితే కిటికీ కింది గోడ అడ్డం, వీధికి కనబడదు. మంచంమీద వెలిగించి తర్వాత తగిలిస్తే? కుదరదు, ఉండాల్సిన చోటే వెలిగించాలి. ఎక్కడా సందు లేని ఆచారం.

రేపు ఆఖరి రాత్రి. ఎనిమిదీ వెలిగేది రేపే. కర్ఫ్యూ ఏళ్లలో కూడా ఆవిడ తప్పలేదు. కుదరకపోతే పోనీలెండి మిస్టర్ విలియం అన్నారు. ఈ మనిషి నోట పోనీలెండి అన్న మాట నేనెప్పుడూ వినలేదు.

కుర్చీలో కూర్చుంటే దీపం అందదు. కుర్చీనే ఎత్తి పట్టుకోవాలి. బిల్డింగులో కుర్రాళ్లు లేరు. సైన్యంలోకి పట్టుకుపోతారని కొందరు బ్యాంకాక్‌లో ఉన్నారు. కొందరు ఎక్కడున్నారో వాళ్లమ్మలు చెప్పరు. మిగిలిన భుజాలు ఒక్కడివే. అహ్లోన్ రేవులో బస్తాలు మోసినవాడి కొడుకు, తనూ మోశాడు. కింది అంతస్తులో ఉంటాడు. వాడి పేరు ఈ డైరీలో ఇప్పటికే ఎక్కువసార్లు రాశాను.

జనవరి 1, 2025, మధ్యాహ్నం

దిగాను. తలుపు కొట్టాను. ఎడ్విన్ రాజు తలుపు తీశాడు. ఏటి మావా, నాలుగొందలేళ్లు మాటాడవనుకున్నాను, తొమ్మిదేళ్లకే దిగిపోనావేటి అన్నాడు. లోపల్నుంచి వాళ్లావిడ ఎస్తేరు రాణి, ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి పరాసికాలేటి, లోపలికి రానీ అంది. కేకు పెట్టింది.

సంగతి చెప్పాను. ఏం పండగ అని అడిగాడు. గ్రీకు రాజు దగ్గర మొదలుపెట్టాను. ఈసారి ఆలయం కడిగి దీపం పెట్టేదాకా విన్నాడు. ఇంత కతుందా, అప్పుడే సెప్పొచ్చు గదా మావా అన్నాడు.

నా దగ్గర జవాబులున్నాయి. తొమ్మిదేళ్లుగా సానపట్టినవి. నోట్లో కేకు ఉంది. దాంతోపాటే మింగేశాను.

ఆవిడ ఎంత బరువుంటాదేటి అని అడిగాడు. అంతే.

జనవరి 1, సాయంత్రం

ఎత్తాం. బరువంతా వాడే మోశాడు. మోజెల్ గారు పాట సగంలో ఆపి ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టి, ఎనిమిదీ వెలిగించారు.

కుర్చీ దించగానే కరెంటు వచ్చింది. కరెంటొచ్చింది, కరెంటొచ్చింది అని వీధంతా బర్మా భాషలో కేకలు. అన్ని ఇళ్లలో నీళ్ల మోటర్లు మొదలయ్యాయి. ఎడ్విన్ రాజు గబుక్కున కదిలాడు. వాడి మోటరు వేసుకోవడానికి పరిగెడతాడనుకున్నాను. గదిలో వెలిగిన ట్యూబులైటు ఆర్పేసి, వచ్చి దీపాల ఎదుట నా పక్కన కూర్చున్నాడు.