కుర్చీ ఖాళీగా ఉంచకు

ఫిన్‌బార్, మన వీధిలో ఒక్క పార మంచు ఎత్తని సిటీ హాలు వాళ్లు, కారు ఆపుకునే చోటుకి మనం కాపలా పెట్టుకున్న కుర్చీల్ని మాత్రం మధ్యాహ్నం చెత్త లారీలో ఎత్తుకుపోతారట. ఆ చోట మంచుని నేను మూడు గంటలు తవ్వాను. నాలుగింటికి అమ్మని డయాలసిస్ నుంచి తెస్తాను. కారు గుమ్మం ముందు ఆగకపోతే ఆ గడ్డమంచు మీద ఆమె నడవలేదు. నిన్న పక్కింటి డోలన్ "కాసేపే తమ్ముడూ" అనగానే కుర్చీ తీసేశావు. రాత్రంతా వాడి కారే ఉంది. నీ మంచితనం తగలెయ్య. ఖాళీ కుర్చీనైతే పట్టుకుపోతారు, మనిషి కూర్చున్న కుర్చీని ఎత్తలేరు. ఫ్లాస్కులో టీ పోశాను, నా ఉన్ని టోపీ పెట్టుకో. ఇది చదవగానే వెళ్లి కూర్చో.
అక్క, ఐలీన్

డోలన్ మళ్లీ వస్తే, వాణ్ణీ ఓ కుర్చీ తెచ్చుకుని నీ పక్కనే కూర్చోమను.