గోపాల్ డార్జిలింగ్ వాడు కాదు

21 నవంబరు 1996, గురువారం
సరోజినీ నగర్

గండం గడిచింది. మా కాలనీ చౌకీదారు గోపాల్ కేసు నిలిచింది.

ఎండాకాలంలో ప్రైవేటు బస్సు గుద్ది అతని కాలు విరిగితే, నష్టపరిహారానికి అర్జీ రాసిపెట్టింది నేనే. పరిహారం రాకపోతే రెండో ఆపరేషన్ లేదు. నేపాలీ వాడికి మన కోర్టులో ఎవరిస్తారులే అని, సొంత తెలివి వాడి, ఊరు డార్జిలింగ్ అని రాశాను. ముప్పయ్యేళ్లు సర్కారీ ఫారాలు నింపిన చెయ్యి ఇది. ఒకప్పుడు లైబ్రరీ కార్డు కోసం కూడా రేషన్ కార్డు నకలు జతచేసిన ఘనుణ్ణి. వాళ్లు అడగనే లేదు.

ఈరోజు జడ్జిగారు "ఏ ఊరు?" అనగానే గోపాల్ "పోఖరా, సాబ్. నేపాల్" అనేశాడు. బస్సు తరఫు వకీలు ఉత్సాహంగా లేచాడు. 

"మరి అర్జీలో డార్జిలింగ్ అని ఎవరు రాశారు?" అన్నాడు వకీలు.

గోపాల్ చేతికర్ర ఎత్తి నన్ను చూపించాడు.

జడ్జిగారు కళ్లజోడు మీదుగా చూశారు. "బాబూజీ, బస్సు గుద్దింది దిల్లీ రోడ్డు మీద. విరిగిన కాలు ఏ దేశానిదని చట్టం అడగదు. మీకెందుకొచ్చిన అనుమానం? ఊరు దిద్దించండి. కేసు నడుస్తుంది."

బయటికొచ్చాక కసిరాను. "డార్జిలింగ్ అనమన్నాను కదయ్యా!"

"నేనెప్పుడూ చూడలేదు బాబూజీ. అక్కడ మీ ఇల్లెక్కడ అని అడిగితే?"

నవ్వాపుకోలేకపోయాను. ఇప్పటికీ ఆగడం లేదు. కానీ ఇన్నేళ్లలో నా చేత అర్జీలు రాయించుకున్నవాళ్లలో ఇంకెంతమందికి ఊళ్లు మార్చేశానో...