పెరటి మల్బరీ చెట్టు, దాని మీద వాలేవాటి విషయం

ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన నేను, తుంటి ఎముక తప్ప మిగతావన్నీ సవ్యంగా ఉండగా, ముఖ్యంగా మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. రోజూ పొద్దున్నే పెరట్లో కూర్చుని పిట్టల్నీ మొగ్గల్నీ చూసి, ఆ వివరాలు ఫోన్లో శాస్త్రవేత్తలకు పంపే మనిషికి మతి ఎక్కడిదని మా అబ్బాయి వాదించవచ్చు. డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. వాడి పప్పులు ఉడకవు.

1. ఇల్లు, గదులు, వాటిలోని సామాను నా ఏకైక కుమారుడికి చెందవలెను. మల్బరీ చెట్టు కొట్టేసి కారు షెడ్డు వేయాలని వాడు కొలతలు తీసుకున్న సంగతి నాకు తెలుసు. టేపు పట్టుకుని నా మంచం ముందు నుంచే వెళ్ళాడు. పెరట్లో వాడికి జానెడు జాగా కూడా లేదు. కారుకి నీడ కావాలంటే గొడుగు పట్టుకుని నిలబడవచ్చు.

2. మా మరిదికి ఒక నల్ల సాక్సు. చిటారు కొమ్మకు చిక్కుకున్న ఈ సాక్సునే ఆయన అరుదైన గుడ్లగూబగా గుర్తించి, ఫోటో తీసి మా పిట్టల గ్రూపులో పెట్టాడు. అది ఆడదా మగదా అని ఇద్దరు ప్రొఫెసర్లు జుట్లు పట్టుకున్నారు. గాలికి అది కింద పడ్డాక కూడా, అసలు పిట్ట ఎగిరిపోయిందనీ, సాక్సు తర్వాత వచ్చిందనీ ఆయన ఇప్పటికీ బుకాయిస్తున్నాడు. ఉతికే ఇస్తున్నాను.

3. బైనాక్యులర్స్ పక్కింటావిడకు. వాటితో తన వంటింట్లోకి తొంగిచూస్తున్నానని వీధంతా టాంటాం వేసింది. ఇక తనే మా ఇంట్లోకి తీరిగ్గా చూసుకోవచ్చు.

4. పెరడు, చెట్టు, నీళ్ళ తొట్టి సర్వహక్కులతో నా కోడలికి చెందవలెను. ఇది విని ఆమే ముందు ఉలిక్కిపడుతుంది. మా ఇద్దరికీ క్షణం పడేది కాదు. సరిగ్గా నేను పిట్టల్ని లెక్కపెట్టే వేళకే చాపలు దులిపేది. కావాలనే చేస్తోందని నేననేదాన్ని. నిజంగానే కావాలని చేసేది. ఈ చలికాలం నేను తుంటి విరిగి మంచాన పడ్డాక, ఒక ఉదయం పెరట్లోంచి కేకేసింది: "అత్తయ్యా, పై కొమ్మకేదో పచ్చగా పొడుచుకొచ్చింది, పురుగులా ఉంది. మందు కొట్టేదా?"

అది ఈ ఏటి తొలి మొగ్గ. వద్దని నేను అరిచిన అరుపుకి తుంటి మళ్ళీ కలుక్కుమంది. మర్నాటి నుంచి బట్టలు ఆరేసే నెపంతో రోజూ ఆమే మొగ్గల్నీ పిట్టల్నీ చూసి వచ్చి చెబుతోంది. వాన పడుతున్నా ఆరేస్తోంది. నాకు ఆమె మీద ప్రేమ పుట్టింది. ఎదురుగా చెప్పడానికి నోరు రాక ఇక్కడ రాస్తున్నాను.

ఆ చెట్టు మీద ఎవరైనా గొడ్డలి ఎత్తితే, ఈ వీలునామా అమలు చేయవలసిన మా చెల్లెలు వాళ్ళ సంగతి చూస్తుంది. ఆమె గొంతు విప్పితే కాకులే లేచిపోతాయి.

5. నేను పోయిన రోజున కూడా పెరట్లో లెక్క ఆగరాదు. కోడలు ఏడవదలిస్తే లెక్క ముగిశాక ఏడవవలెను. పిట్ట ఒక్కటీ రాకపోతే, 'చూశాం, ఏమీ రాలేదు' అని పంపవలెను. ఊరుకుంటే ఎవరూ చూడలేదని అర్థం. నన్ను తీసుకెళ్ళే బండివాళ్ళు తొందరపెడితే కాసేపు ఆగమనండి. నాకు తొందరేమీ ఉండదు.

తేదీ: 22 ఫిబ్రవరి 2026, ఆదివారం

సంతకం: పై చెప్పిన నర్సు

సాక్షులు:
1. ఫిజియోథెరపిస్టు (కాలు ఆడించడానికి వచ్చి ఇరుక్కున్నాడు)
2. ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్