పిడుగు యంత్రం ఎవరికి

పిడుగు యంత్రాన్ని తయారుచేసిన భౌతికశాస్త్రవేత్తనైన నేను, పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా స్వహస్తాలతో రాసుకున్న వీలునామా ఇది. ఎల్లుండి నా గుండెకు ఆపరేషన్. మతి స్థిమితంగా ఉందని డాక్టరుగారు రాసిచ్చారు. నిద్ర పట్టడం లేదన్న సంగతి రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా తమ్ముడిది.

1. ఇల్లు, అందులోని సామాను మావారికి చెందాలి. "ఇవాళ కూడా ప్రాణాలతో వచ్చావన్నమాట" అని రోజూ నవ్వుతూ పలకరిస్తారు. నేను వచ్చేదాకా మాత్రం అన్నం ముట్టరు. నా రబ్బరు బూట్లు కూడా ఆయనకే. అవి గుమ్మం దగ్గరుంటేనే ఆయనకు నిద్ర పడుతుంది.

2. యంత్రం మీద మా బావగారు తన పేరుతో బిగించుకున్న ఇత్తడి పలకను ఊడదీసి, మరలతో సహా ఆయనకే ఇచ్చేయాలి. ఫొటో తీసినప్పుడు తప్ప ఆ యంత్రం దరిదాపులకు రాని మనిషి. ఇంతకంటే ఆయనకు నా దగ్గర ఏమీ లేదు.

3. యంత్రాన్ని ముక్కలు చేసి పాత ఇనుము కింద అమ్మేయాలి. కరెంటు స్తంభాల మీది పింగాణీ పిడుగుకు తట్టుకుంటుందో లేదో చూడటానికి దాన్ని చేశాను. అందులోని కెపాసిటర్లు కరెంటును దాచుకునే డబ్బాలు. స్విచ్ కట్టేసి, కరెంటును నేలలోకి దింపే ఎర్తు కడ్డీ తగిలించి ఖాళీ చేసినా, కడ్డీ తీసేస్తే కాసేపటికి వాటిలో మళ్లీ కరెంటు ఊరుతుంది. అందుకే లోపల మనిషి ఉన్నంతసేపూ కడ్డీ తగిలించే ఉంచడం మా పద్ధతి. మొన్న మా అమ్మాయి, అడ్డమొస్తోందని కడ్డీ తీసి పక్కన పెట్టి, లోపల బోల్టులు బిగిస్తోంది. జడ పట్టుకుని వెనక్కి లాగాను. "ఖాళీ చేశాగా అమ్మా, ఊరికే కంగారుపడతావు" అంది. కడ్డీ తగిలించి చూపించాను. టప్పుమని నిప్పు లేచింది. అది నవ్వింది.

4. మూడో అంశంలోని అమ్మకాన్ని రద్దు చేస్తున్నాను. విప్పడానికి వచ్చేవాళ్లకు ఏ డబ్బా ఎలా విప్పాలో ఎవరు చెప్పాలి? నా తరవాత తెలిసింది మా అమ్మాయికొక్కదానికే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటు చూసినా నా బిడ్డనే లోపలికి పంపాల్సి వస్తోంది. కాబట్టి యంత్రం అమ్మాయికే. యంత్రం ఉన్న షెడ్డు తాళం మాత్రం మా తమ్ముడి దగ్గరుండాలి. అమ్మాయి లోపలున్నంతసేపూ కడ్డీ మీదే కన్నేసి ఉంచే మనిషి ఒకరు యంత్రం చుట్టూ ఉన్న కంచె గేటు దగ్గర నిలబడాలి. ఇలాంటి షరతు కోర్టులో నిలవదని వకీలుగారు అన్నారు. నిలవకపోయినా రాస్తున్నాను.

తల్లీ, ఇక్కడ ఆశీస్సులు రాయమన్నారు. నాకు భయం తప్ప ఇంకేమీ తోచడం లేదు. ఎల్లుండి నన్ను తీసుకెళ్లేటప్పుడు ఏడిస్తే, కత్తికి జడిశాననుకోకు. నేను లేచేదాకా ఆ గేటు తెరవకు. లేవకపోతే, కడ్డీ తియ్యకు.

తేదీ: 14 జూన్ 1987
(సంతకం) పిడుగమ్మ అని షెడ్డులో అందరూ పిలిచే నేను

నేను సంతకం చేస్తుండగా చూసిన సాక్షులు:
1. వకీలుగారు
2. వార్డు నర్సు