రోడ్డుకు వీపు పెట్టి

అన్నా,

మన ప్రొద్దుటూరు స్టేడియం చుట్టూ ఉన్న గోడను ఈ వారం కొట్టేశారు. మున్సిపాలిటీలో నువ్వు దాని ప్లాను గీసిన రోజే గోడ వద్దన్నావు. ఆటలు లేనప్పుడు కూడా కూరగాయల సంచితో వచ్చే మనిషి కాసేపు రోడ్డు పక్కనున్న గ్యాలరీ మెట్ల మీద కూర్చోవాలన్నావు.

ఆ ప్లాను చూసి మన మేనమామ ఏమన్నాడో గుర్తుందా? "గోడ లేకుంటే రోడ్డుకు వీపు పెట్టి ఎవురు కూచుంటారప్పా? ఎనక నుంచి ఎవుడొస్తాండాడో ఎట్ల తెలుస్తాది?"

ఆ పార్టీ కక్షల రోజుల్లో టీ తాగేవాళ్లు కూడా రోడ్డు వైపు తిరిగే కూర్చునేవారు. నువ్వు నవ్వి, "ఒగ దినం కూచుంటారు, చూడు మామా" అన్నావు.

గోడ కట్టారు. పైన గాజుపెంకులు కూడా గుచ్చారు. అది ఎవరిని కాపాడిందో నాకు తెలియదు. మరుసటి ఏడాది జమ్మలమడుగు బస్టాండులో బాంబులు పడ్డాయి. అవి నీ కోసం తెచ్చినవి కావు. నువ్వు ఇంటికొచ్చే బస్సు కోసం నిలబడ్డావు, అంతే.

నిన్న సాయంత్రం మామతో కలిసి వెళ్లాను. మెట్ల నిండా జనం. ఒకావిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఒక ముసలాయన చెప్పులు తలకింద పెట్టుకొని నిద్రపోతున్నాడు. అందరి వీపులూ రోడ్డుకే. మామ కూడా చేతికర్ర పక్కన పెట్టి అట్లాగే కూర్చున్నాడు.

నేను మాత్రం పై మెట్టు మీద, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను.

"ఇంగా ఏం భయం పాపా?" అన్నాడు మామ.

భయం కాదు. జమ్మలమడుగు బస్సు ఆ వైపు నుంచే కదా అన్నా, రావాలి.