ఆదివారం ఎండిన కాలువ

బాన్సువాడ మండలం,
బుధవారం

మస్కట్‌లో ఉన్న భూమేశ్ బావకు సింధుజ రాస్తున్నది. ఇక్కడ అత్తమ్మ, మామ, పాప వేళకు తింటున్నారు, నేనూ తింటున్నాను. నువ్వు కూడా ఎండలో తలకు గుడ్డ చుట్టుకుని జాగ్రత్తగా ఉన్నావనుకుంటాను. క్షేమం అన్న మాట మాత్రం ఈసారి కావాలనే రాయలేదు.

రుద్రూర్ అన్నతో నువ్వు పంపిన ఉత్తరం, ఖర్జూరాలు అందాయి. ఆయన శనివారం తిరిగి మస్కట్ వస్తున్నాడు, ఇది ఆయన చేతికే ఇస్తాను. పది రోజులుగా సిగ్నల్ లేదని నీ వీడియో కాల్ ఎత్తలేదు కదా, అది అబద్ధం. నా మొహం చూస్తే నువ్వు పట్టేస్తావు. పైగా నువ్వు ఫోను స్పీకరులో పెడతావు, మీ రూములో ఎనిమిది మందీ మన సంసారం వింటారు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. పాపకు ముందుపళ్ళు రెండూ ఊడాయి, ఇప్పుడు ‘సైకిల్’ అనమంటే మొహం దాచుకుంటోంది. అత్తమ్మ మోకాలి నొప్పి దవాఖాన మందుతో తగ్గింది. రొట్టెలు చేసేటప్పుడు పీట మీద కూర్చోమంటే మాత్రం వినదు. “కింద కూసుంటెనే నా రొట్టె పొంగుతది, నువ్వు జర జరుగు” అంటుంది. నువ్వు అడిగిన పెద్ద ప్రశ్నకూ ఇప్పుడే చెబుతున్నాను. వీసా రెన్యూవల్ చేసుకో. ఇక చాలు వచ్చేయ్, మన హోటల్ మీద బతుకుదాం అని పోయిన ఉత్తరంలో రాసింది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కోపం తెచ్చుకోకుండా మొత్తం చదువు.

మన వంతెన కింద సినిమా తీశారు కదా, హీరోయిన్ కాలువలో నల్లబండ మీద కూర్చుని ఏడ్చిన సీను. అది ఎండాకాలంలో, నీళ్ళు బంద్ చేశాక తీసింది. దీపావళికి సినిమా విడుదలైనప్పటి నుంచి జనం కార్లేసుకుని వచ్చి, అదే బండ మీద కూర్చుని ఏడుస్తూ ఫోటో దిగేవాళ్ళు. ఏడుపు రానివాళ్ళను పక్కవాళ్ళు గిచ్చేవాళ్ళు. మనకేం, ఏడ్చాక ఆకలవుతుంది కదా! అత్తమ్మ జొన్నరొట్టె, నాటుకోడి కూర, నా పచ్చిపులుసు చాలేవి కావు. ధర్మా ఆటో బస్టాండు నుంచి పొద్దంతా తిరిగేది. తండా నుంచి కమ్లి అద్దాలు కుట్టిన సంచులు తెచ్చి అమ్మేది. నడుములు పడిపోయేలా బీడీలు చుట్టిన ఆడవాళ్ళంతా చాటలు పక్కన పడేసి చిన్న చిన్న అంగళ్ళు పెట్టారు. ఊరు ఇంత నవ్వడం నేను కాపురానికి వచ్చాక చూడలేదు బావా.

జనవరిలో యాసంగి పంటకు కాలువలో నీళ్ళు వదిలారు. బండ మునిగిపోయింది. వచ్చినవాళ్ళు వంతెన మీద నుంచి తొంగిచూసి, మొహం మాడ్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా కాలువ గేటు ఎత్తేదీ దించేదీ మామే కదా, అందరూ ఆయన మొహమే చూశారు. “మళ్ళ బంద్ పెట్టినప్పుడు బండను తీసి గట్టు మీద పెడుదం, ఎవ్వరికీ తిప్పలుండది” అన్నాడు ఆయన. నేను నవ్వాను. అసలు జాగాలో ఉంటేనే జనం వస్తారన్నాను. ఆదివారం ఒక్కపూట గేటు దించితే ఏమవుతుందని అడిగింది కూడా నేనే. మామ మూడు రోజులు ఒప్పుకోలేదు. నాలుగో రోజు, “మరి నీ కొడుకు ఇంటికి రావద్దా మామా?” అన్నాను. లేచి బయటికి నడిచాడు. ఆ ఆదివారం నుంచి వారం వారం గేటు దించాడు.

తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ చివర పొలాలు చేసుకుంటున్న క్యాంపువాళ్ళకు ఈ సంగతి ఎవరమూ చెప్పలేదు. లాభం ఊరికి, ఎండేది వాళ్ళ చేను. అది అందరికీ తెలుసు. అయినా ఎవరమూ పైకి అనలేదు.

పోయిన ఆదివారం కాక, అంతకుముందు ఆదివారం. పొద్దున గేటు దించి మామ సరుకులకని బాన్సువాడ వెళ్ళాడు. మధ్యాహ్నం హోటల్ నిండా జనం. క్యాంపు బసవపున్నయ్యగారు మోపెడ్ మీద వచ్చారు, మొహమంతా చెమట. “అమ్మాయ్, గేటెందుకు దించారు? చేను పొట్ట మీదుంది. ఈ తడి అందకపోతే గింజంతా తాలైపోద్ది” అన్నారు. నా చేతిలో గరిటె, పొయ్యి మీద కూర. “రిపేరు పెద్దయ్యా, ఆఫీసోళ్ళు బంద్ పెట్టిండ్రు. పొద్దుగూకేవరకు వస్తయి” అని చెప్పాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం!

ఆయన గేటు దాకా వెళ్ళి చూశారు. అక్కడ రిపేరూ లేదు, మనిషీ లేడు. పని ముగించుకుని గేటు ఎత్తడం మరిచి వెళ్ళిపోయారనుకున్నారట. బండి సంచిలో ఉన్న పానాతో తిప్పి ఎత్తారు. మన హోటల్ నుంచీ అక్కడి నుంచీ వంతెన కింది కాలువ కనపడదని నీకు తెలుసు. కాలువలో మనుషులున్నారని నేను ఒక్క ముక్క అని ఉంటే ఆయన దాన్ని ముట్టేవారు కాదు.

ముందు చప్పుడు విన్నాను. తర్వాత అరుపులు. అందరూ గట్టెక్కారు, బండ మీద కూర్చున్న బోధన్ అమ్మాయి తప్ప. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. నీళ్ళు ఎత్తుకుపోయాయి. ధర్మా దూకి, తుమ్మకొమ్మ పట్టుకుని, జుట్టు అందుకుని లాగాడు. కాలు రెండు చోట్ల విరిగింది, తలకు దెబ్బ. నిజామాబాద్ దవాఖానలో నాలుగు రోజులు కళ్ళు తెరవలేదు. తెరిచిందని తెలిసిన రోజు బియ్యం బస్తాల వెనక కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపు ఎవరూ ఫోటో తీయలేదు.

ఇక్కడిదాకా రాసి రెండుసార్లు లేచి నీళ్ళు తాగాను. దాచింది ఇప్పుడు చెబుతున్నాను. ఆ సాయంత్రం పోలీసులు వచ్చేలోపే ఊరు ఒక మాట అనుకుంది. ఆ రోజు క్యాంపుకు నీళ్ళ వంతు లేదు, క్యాంపు మనిషి దొంగచాటుగా గేటు ఎత్తాడు, అంతే. ఆయన హోటల్ దగ్గరికి వచ్చాడా అని ఎస్సై నన్ను అడిగాడు. “రాలేదు సార్, నేను చూడలేదు” అన్నాను. మామ పక్కనే ఉన్నాడు. ఆయనకూ అప్పటికి నిజం తెలియదు.

అప్పటి నుంచి జీపు చప్పుడైతే గరిటె జారిపోతోంది. పాప నిద్రలో కదిలినా ఉలిక్కిపడుతున్నాను. అరవై దాటిన బసవపున్నయ్యగారిని రోజూ పొద్దున పిలిచి చీకటిపడేదాకా బెంచీ మీద కూర్చోబెడుతున్నారు. రేపో మాపో జైలుకే అంటున్నారు.

ఈ పొద్దున ఆయన భార్య నాగేంద్రమ్మగారు వచ్చారు. తిడితే బాగుండేది. నీళ్ళిస్తే తాగలేదు. “నీతో మాట్లాడానని మా ఆయన స్టేషన్లో చెప్పలేదమ్మా. చిన్నపిల్ల, మొగుడు దేశంలో లేడు, దాన్నీ ఇట్టాగే కూర్చోబెడతారు అన్నాడు. నువ్వొచ్చి చెప్తావని రాలేదు నేను. నీకు తెలియాలని వచ్చా” అని లేచి వెళ్ళిపోయారు.

మామ ఇంటికి రాగానే కాళ్ళ దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. కొడతాడనుకున్నాను. “గేటు దించింది నేను, అబద్ధమాడింది నువ్వు. నడుమ గాయన కూసునుడేంది?” అన్నాడు. రేపు పొద్దున్నే స్టేషన్‌కు వెళ్తున్నాం.

గురువారం సాయంత్రం

వెళ్ళొచ్చాం. బసవపున్నయ్యగారు బెంచీ మీద ఉన్నారు. ఆయన మొహం చూడకుండానే అంతా చెప్పాను. ఎస్సై రాసుకుంటూ, “అయితే ఆనాడు అబద్ధం చెప్పినవా?” అన్నాడు.

“చెప్పిన సార్. భయపడ్డ.”

“ఇయ్యాల భయం లేదా?”

“ఇంకెక్కువైంది సార్.”

బసవపున్నయ్యగారిని ఇంటికి వెళ్ళమన్నారు. పోతూ మా ముందు ఆగారు. “ముత్తెన్నా, ఆదివారం నీళ్ళొదులుతావా?” అని మామను అడిగారు. మామ రెండు చేతులూ జోడించాడు.

తిరిగి వస్తుంటే ధర్మా ఆటో కనిపించింది. మమ్మల్ని చూసి కూడా ఆపలేదు. ఎండలో నడిచే వచ్చాం. ఊళ్ళో ఎవరూ పలకరించలేదు. ఆడవాళ్ళు మళ్ళీ బీడీల చాటలు ముందు పెట్టుకున్నారు. నా నోరే వాళ్ళ కూడు చెడగొట్టిందని అత్తమ్మతో అన్నారట. క్యాంపువాళ్ళనూ మొదటే పిలిచి, అందరం కూర్చుని, బండను గట్టు మీద పెట్టుకుని ఉంటే ఇవాళ రెండు ఊళ్ళూ తినేవి. ఇది ఇప్పుడు చెబితే ఎవరు వింటారు?

మామ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. నా మీద ఏం కేసు పెడతారో తెలియదు. సోమవారం మళ్ళీ రమ్మన్నారు. ఒక్కదాన్నే రావద్దు, తోడెవరు వస్తారో పేరు చెప్పమన్నారు. భూమేశ్ అన్నాను. ఎస్సై రాసేసుకున్నాడు. మామ నా మొహం చూసి, మెల్లగా, “వాడు మస్కట్ల ఉన్నడు సార్, అది కొట్టేసి నా పేరు రాయుండ్రి” అన్నాడు.

ఇట్లు,
నీ మరదలు, నీ భార్య
సింధుజ