జిమ్మీ లేని తరగతి

2001 మార్చి, ఆదివారం రాత్రి

పొద్దున మా కుక్క జిమ్మీ గిన్నెలో మజ్జిగన్నం అలాగే ఉంది, చుట్టూ చీమలు. బర్రెకు నానబెట్టిన వేరుశనగ చెక్క తిన్నట్టుంది. రెండుసార్లు వాంతి చేసుకుని, నీళ్ల తొట్టి పక్కన వణుకుతూ పడుకుంది.

సాయంత్రం దాని శిక్షణ తరగతి. పరీక్షలని ఒక వారం మానేశాను. ఇంకోటి మానితే పేరు కొట్టేస్తారు. మాట వినడం నేర్వకపోతే జిమ్మీని కంబదూరు మామ చేను కాపలాకు పంపేస్తానన్నాడు నాయన. అక్కడ కుక్కలను పగలంతా కట్టేస్తారు.

గొలుసు వేసి లేపాను. నాలుగడుగులు నడిచి నా చెప్పుల మీద కూలబడింది. గొలుసు విప్పేసి, నేనొక్కదాన్నే మైదానానికి వెళ్లాను.

"ఏమ్మా, కుక్క యాడ?" అన్నారు మాస్టరు. పోలీసు కుక్కలను సాకి రిటైరైన మనిషి.

"కడుపు బాగలేదు సార్."

"నీ కడుపు బాగుండాది కదా? నేర్చుకోవాల్సింది నువ్వే. నీ గొంతు దానికి ఇనపడితే గదా! లైన్లో నిలబడు."

ఖాళీ గొలుసు పట్టుకుని నిలబడ్డాను. మూడోసారికి "సిట్" అని గట్టిగా అరిచాను. పక్కవాళ్ల అల్సేషియన్ కూర్చుంది. అందరూ నవ్వారు, నేను కూడా. మాస్టరు జిమ్మీకి హాజరు వేశారు.

ఇంటికొచ్చేసరికి నాయన దానికి విసనకర్రతో విసురుతున్నాడు. "మళ్లా తింటావా దొంగోడా?" అని తిడుతున్నాడు. వచ్చే వారానికైనా లేస్తుందో లేదో...

దాన్ని ఇంటికి తెచ్చింది నాయనే. నేను హాస్టల్ మానేసి వచ్చి, ఎవరితోనూ మాట్లాడని వేసవిలో.